చెవి మేస్త్రి

పాటలు వస్తున్నాయి. తలుపుల చప్పుళ్ళు వస్తున్నాయి. తెరమీద వాన కురిస్తే కురిసినంతా ఇంట్లోకి వస్తోంది. మనిషి నోరు విప్పితే మాత్రం బావి అడుగున ఎవరో గొణిగినట్టుంటోంది. మేస్త్రి రిమోటు అందుకుని సౌండు ఇరవై నుంచి ముప్ఫైకి పెంచాడు. తెరమీద తల్లి గుమ్మంలో నిలబడి కొడుకుతో ఏదో అని కళ్ళు తుడుచుకుంది. ఏమందో తెలియలేదు. ఆ వెంటనే వయొలిన్లు ఇంటికప్పు లేచిపోయేలా మోగాయి.

"అబ్బా! తగ్గించు నాన్నా, చెవులు పగిలిపోతున్నాయి," అన్నాడు కొడుకు.

"మాట వినబడ్డం లేదురా."

"మా అందరికీ వినబడుతోందిగా!"

"ఏదీ, ఆవిడ ఏమందో చెప్పు."

కొడుకు చేతిలో ఫోను చూసుకుంటున్నాడు. వాడు తల ఎత్తేలోపే కోడలు అందుకుంది. "'నువ్వు వెళ్ళిపోతే ఈ తలుపు నేనే మూసుకోవాలి' అంది మావయ్యా."

ఒక్క అక్షరం తడుముకోకుండా చెప్పింది.  తెర అడుగున తెల్లటి తెలుగు అక్షరాలు ఎప్పట్లాగే వచ్చి పోతున్నాయి. మేస్త్రి చదువు ఐదో క్లాసుతో ఆగిపోయింది. మొదటి మాట కూడబలుక్కునేసరికి వరసంతా మాయమై ఇంకో వరస వచ్చేస్తుంది. అందుకని అటు చూడటమే ఎప్పుడో మానేశాడు.

"వార్తలు బాగానే వినబడతాయి నాకు. ఈ పెట్టె వచ్చినప్పట్నుంచే ఈ గోల," అన్నాడు.

"వార్తలవాళ్ళు అరుస్తారు కాబట్టి వినబడతాయి," అంది భార్య, చేతిలోని చొక్కాకి గుండీ కుట్టుకుంటూ. "మంగళవారం చెవి డాక్టరు దగ్గర చీటీ రాయించాను. మారుమాట చెప్పకుండా రండి."

డీవీడీ పెట్టె కొడుకు స్నేహితుడిది. అతను ఇల్లు మారుతూ దాని పెద్ద స్పీకర్లు ఇంకెవరికో ఇచ్చేసి, ఉత్త పెట్టె వీడి చేతిలో పెట్టాడు. నల్లగా, పల్చగా, పలక లాగుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా లారీ ఇంజన్లూ బస్సు ఇంజన్లూ విప్పి బిగించిన మేస్త్రికి అరచేతి మందం లేని ఆ పలక లొంగడం లేదు. పైగా అప్పుడప్పుడు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతోంది. అప్పుడు మాత్రం ఇంట్లో అందరూ ఒక్కమాటగా పెట్టెనే తిడతారు. మాట వినబడకపోతే తిట్లు ఆయనకి.

మర్నాడు, శుక్రవారం ఉదయం, టీ దగ్గర ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు. బస్సుల వర్క్‌షాపులో అందరూ నవ్వారు. "చెవి మేస్త్రికి చెవుడా! చేపకి ఈత రాదన్నట్టుంది," అన్నాడు ఒకడు. ఆ పేరు వాళ్ళు పెట్టిందే. పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, లోపల ఏ బేరింగు అరిగిందో ఏ వాల్వు వదులైందో మూత విప్పకుండా చెప్పేవాడని. ఆ నవ్వుల మధ్య కుర్ర ఫోర్‌మన్ ఒక్కడే నవ్వకుండా ఆయన వైపు చూడటం మేస్త్రి గమనించాడు. అనవసరంగా చెప్పానే అనుకున్నాడు.

అప్పుడే పొడుగు డ్రైవరు తన బస్సు తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. ఇంజను ఆపకుండానే కిందికి దిగాడు.

"నిన్నట్నుంచి ముందు ఏదో కీచుమంటోంది మేస్త్రీ. నీ చెవి ఓసారి పడెయ్. ఎనిమిదింటికి కొండదారి ట్రిప్పు."

మూత ఎత్తారు. బెల్టు కీచుమంటోంది. అది చెవిటివాడికైనా తెలుస్తుంది. కానీ ఆ కీచు అడుగున ఇంకోటి ఉంది. గరగర. అన్నంలో ఇసుక పంటికింద పడ్డట్టు, సన్నగా, ఆగి ఆగి. వాటర్‌పంపు బేరింగు. మేస్త్రి చెయ్యి దానంతటదే జేబులోని స్క్రూడ్రైవరు వైపు వెళ్ళింది.

"బెల్టు వదులైందండీ, అంతే," అన్నాడు ఫోర్‌మన్. స్పానరు తెప్పించి తనే బిగించాడు. కీచు టక్కున ఆగింది. చెయ్యి తుడుచుకుంటూ, మర్యాదగానే అడిగాడు. "ఇంకేమైనా వినబడుతోందా మేస్త్రి గారూ?"

వినబడుతోంది. వినబడుతోందా? బెల్టు బిగిశాక గరగర ఇంకాస్త గట్టిపడినట్టే ఉంది. లేకపోతే తన చెవిలోనే గింగురుమంటోందేమో. నట్టింట్లో కూర్చుని, ఆరడుగుల దూరంలో తెరమీద తల్లి కొడుకుతో అన్న మాట వినలేనివాడు ఇంజను లోపలి ఇసుక గింజని వింటాడా? ఉందని చెప్పి, పంపు విప్పించి, ట్రిప్పు ఆపించి, తీరా చూస్తే బేరింగు శుభ్రంగా ఉంటే? ఇందాకటి నవ్వు ఈసారి ఎదురుగా నవ్వరు, వెనక నవ్వుతారు.

"ఏం లేదు," అన్నాడు.

డ్రైవరు మూత దించాడు. "నువ్వు లేదన్నావంటే లేనట్టే," అని ఎక్కి కూర్చున్నాడు.

పది దాటాక ఫోను వచ్చింది. కొండ సగం ఎక్కేసరికి పంపు పట్టేసింది. నీళ్ళు మరిగిపోయాయి. జనాన్ని దింపి పక్కన నిలబెట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడట డ్రైవరు. ఆవిరి ఎగదన్ని మణికట్టు నుంచి మోచెయ్యి దాకా తోలు ఊడిపోయిందట. జనంలో ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం మేనేజరు కబురు పెట్టాడు. కోపంగా ఉంటాడనుకున్నాడు మేస్త్రి. మేనేజరు లేచి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అది ఇంకా బాధగా ఉంది.

"ఎవరి తప్పూ కాదు మేస్త్రీ. వయసు. ఇంట్లో టీవీ కూడా సరిగ్గా వినబడ్డం లేదటగా? ఫోర్‌మన్ చెప్పాడు." మేనేజరు గొంతు పెంచి, పెదాలు విడదీసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతున్నాడు. "సోమవారం నుంచి స్టోర్సులో కూర్చోండి. నీడపట్టున ఉంటారు. 'వినికిడి తగ్గినందువల్ల' అని రాసి కాయితం తయారుచేయిస్తాను. మీరు సంతకం పెడితే చాలు. మిమ్మల్నెవరూ వేలెత్తి చూపరు."

"అంత గట్టిగా చెప్పక్కర్లేదు సార్, వినబడుతోంది," అందామనుకున్నాడు మేస్త్రి.  తల ఊపి బయటికొచ్చాడు. స్టోర్సు కిటికీ ముందు నుంచి నడుస్తుంటే లోపల అలమరల నిండా డబ్బాలు, డబ్బాల నిండా మరలు, ఒక్కటీ చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉన్నాయి.

శనివారం సెలవు పెట్టాడు. పెట్టెని తువ్వాల్లో మూటకట్టి, ఆ సినిమా బిళ్ళ కూడా అందులోనే పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళాడు. కోపం ఎవరిమీద చూపించాలో తెలియనప్పుడు మనిషి చేతికి అందినదాని మీద చూపిస్తాడు. ఆయన చేతికి అందింది ఆ పెట్టె.

షాపు నడిపేది ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని ఏదో అతుకు పెడుతోంది. పెట్టె మూత విప్పి, దూదికి స్పిరిటు అద్ది, లోపల చిన్న గాజుకన్ను మీద రెండుసార్లు సుతారంగా తుడిచింది. ఆ వేళ్ళ పని చూస్తూ మేస్త్రి కాస్త నెమ్మదించాడు. పని తెలిసిన చెయ్యి ఎవరిదైనా ఆయనకి గౌరవమే.

"దుమ్ము బాబాయ్ గారూ. అందుకే బొమ్మ విరుగుతోంది," అంటూ వైర్లు తగిలించింది. గదిలో మూలమూలకీ ఓ స్పీకరు, టీవీ కింద అడ్డంగా ఇంకోటి, నేలమీద ఓ పెద్దది ఉన్నాయి. బిళ్ళ తిరిగింది. తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు వెళ్ళిపోతే ఈ తలుపు నేనే మూసుకోవాలి."

మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు. మాటే కాదు, మాటకి ముందు ఆవిడ తీసిన ఊపిరి కూడా వినబడింది. "తలుపు" దగ్గర గొంతు జీరపోవడం వినబడింది.

"మళ్ళీ ఒకసారి పెట్టమ్మా."

పెట్టింది. మూడోసారి కూడా పెట్టమన్నాడు.

"సౌండులో ఏ రోగమూ లేదు బాబాయ్ గారూ," అంది ఆవిడ, కొంచెం వింతగా చూస్తూ. "ఇంటికెళ్ళి వైర్లు సరిగ్గా తోసి చూడండి. ఏదైనా ఉంటే ఫోను చెయ్యండి."

ఇంటిదాకా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. పెళ్ళికొడుకులా వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా వైర్లు తగిలించాడు. పసుపుది పసుపుదాంట్లో, ఎర్రది ఎర్రదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో. బిళ్ళ పెట్టి భార్యని కేకేసి పిలిచాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. తల్లి గుమ్మంలోకి వచ్చింది. పెదాలు కదిలాయి.

బావి అడుగున గొణుగుడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"షాపులో వినబడింది," అన్నాడు. "దేవుడి మీద ఒట్టు, ఊపిరి పీల్చడం కూడా వినబడింది."

"షాపులో ఎంత గట్టిగా పెట్టారో."

 నిజమే, పెట్టారేమో. ఇంజనైతే ఏం చేస్తాడు? ఒక్కోటీ మార్చి చూస్తాడు. వైర్లు పీకి ఎర్రది తెల్లదాంట్లో, తెల్లది ఎర్రదాంట్లో పెట్టాడు. మార్పు లేదు. వైర్ల మొనలు గరుకు కాయితంతో రుద్దాడు. మార్పు లేదు. టీవీని గోడ నుంచి జరిపాడు. రిమోటులో ఇంతకుముందు ముట్టుకోని బొత్తాలు ఒక్కోటీ నొక్కాడు. పట్టీలు పట్టీలుగా ఏవో వచ్చాయి. చదవబోతే పోయాయి. ఇంకోటి నొక్కాడు. బొమ్మలో రంగు పోయింది. ఆ రంగులేని బొమ్మ కూడా నిలవకుండా, చేద లాగుతున్నట్టు కింద నుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. తల్లి కాళ్ళు పైన, తల కింద. వెనక్కి తిప్పడం ఎలాగో తెలియక అన్ని బొత్తాలూ నొక్కాడు. పెట్టె నెత్తిమీద అరచేత్తో ఒక్కటి ఇచ్చుకున్నాడు కూడా.

కొడుకు పని నుంచి వచ్చేసరికి ఇల్లు దొంగలు పడ్డట్టుంది. టీవీ గది మధ్యలో ఉంది. మేస్త్రి దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం చేశావు నాన్నా! నిన్నటిదాకా బొమ్మన్నా వచ్చేది కదా!"

"పెట్టెలోనే ఏదో ఉందిరా. నేను కనిపెడతాను."

"పెట్టెకి కాదు, నీ చెవులకి చేయించుకో రిపేరు!"

అన్నాక వాడే నాలిక్కరుచుకున్నాడు. కోడలు వంటగదిలోకి వెళ్ళిపోయింది. మేస్త్రి లేచి, మోకాళ్ళు దులుపుకుని, అన్నానికి కూడా రాకుండా పెరట్లో మెట్టు మీద కూర్చున్నాడు. మాట అన్నందుకు కాదు ఆయన బాధ. తిరిగి అనడానికి తన దగ్గర ఏమీ లేకపోయినందుకు.

ఆదివారం పొద్దున్న షాపావిడకి ఫోను చేశాడు. బొమ్మ సంగతి చెప్పగానే ఆవిడ నవ్వింది. "పెట్టె ఒక పద్ధతిలో పంపుతోంది, మీ టీవీకి ఇంకో పద్ధతే తెలుసు. అంతే బాబాయ్ గారూ. రిమోటు కింద వరసలో కుడివైపు చివరి బొత్తం నొక్కండి." ఆయన వేలు ముందు దాని పక్కదాని మీద పడింది. ఏమీ కాలేదనుకుని చివరిది నొక్కాడు. పాకుడు ఆగి రంగులు వచ్చాయి. ఫోను పెట్టేసి టీవీని గోడకి జరిపాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య అందరినీ కూర్చోబెట్టింది. ఆ సినిమా చివరిదాకా చూడటం ఇంకా ఎవరికీ కుదరలేదు. అన్నదమ్ములిద్దరు ఏటి ఒడ్డున నిలబడ్డారు. పెద్దవాడు ఏదో చెబుతున్నాడు. చిన్నవాడు తల అడ్డంగా ఊపాడు. మేస్త్రి చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఇక సౌండు సంగతి ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

కాసేపటికి కోడలు ముందుకి వంగింది. కొడుకు ఫోను పక్కన పెట్టాడు.

"ఏమన్నాడు?" అన్నాడు.

కోడలు కళ్ళు తెర అడుగున వెతుకుతున్నాయి.

"ఏమండీ, కొంచెం పెంచండి," అంది భార్య.

మేస్త్రి ఆమె వైపు ఒకసారి చూసి నలభైకి పెంచాడు. ఏటి నీళ్ళు హోరుమన్నాయి. అన్నదమ్ముల కాళ్ళకింద గులకరాళ్ళు ఫెళఫెళమన్నాయి. పెద్దవాడు తమ్ముడి భుజం పట్టుకుని గొణిగాడు.

"అదేమిటి, మాటలు లేవేం?" అన్నాడు కొడుకు. "కోపం వచ్చిందా వాడికి? ఏమంటున్నాడు?"

"కింద అక్షరాలు పోయాయి," అంది కోడలు. అని, ఒక్క క్షణం ఆగి, మెల్లగా మావగారి వైపు తిరిగింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "మావయ్యా, అక్షరాలు పోయాయి. మేం ఇన్నాళ్ళూ..."

పూర్తిచెయ్యలేకపోయింది. భార్య పూర్తిచేసింది. "నేనూ విన్లేదండీ. చదివానంతే. చదువుతుంటే విన్నట్టే ఉండేది."

మేస్త్రి రిమోటు పక్కన పెట్టాడు. ఫోను తీసి షాపావిడకి మళ్ళీ చేసి, నలుగురూ వినేలా పెట్టాడు. మాట ఒక్కటే పోతోంది, మిగతా అంతా వస్తోందని చెప్పాడు.

"మీ ఇంట్లో స్పీకర్లు ఎన్ని బాబాయ్ గారూ?"

"టీవీలో ఉన్నవే. రెండు."

అవతల నుంచి నాలుక చప్పరించిన చప్పుడు వినబడింది. "నా బుద్ధి గడ్డి తిన్నట్టే ఉంది. ఆ పెట్టె ఆరు స్పీకర్లున్న ఇంట్లోంచి వచ్చిందా? ఇంకా ఆరూ ఉన్నాయనే అనుకుంటోంది. ఆరింట్లోనూ మాటలన్నీ నడిమి దాంట్లోంచే వస్తాయి. మీకు ఆ నడిమిదే లేదు. ఇంక మాట ఎక్కడ వస్తుంది? నా షాపులో ఆరూ ఉన్నాయి కాబట్టి నాకు తట్టలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆడియోలో, రెండు స్పీకర్లని పెట్టండి."

కొడుకు రిమోటు తీసుకున్నాడు. పట్టీలు పైకీ కిందికీ కదిలాయి. రెండు అన్నచోట ఆగి నొక్కాడు.

"పడవ రాదిక. నడిచే పోదాం పద," అన్నాడు ఏటి ఒడ్డున పెద్దవాడు, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా.

అంత గట్టిగా వినబడేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు. కోడలు గబగబా సౌండు తగ్గించింది. నలభై నుంచి పదిహేనుకి వచ్చినా ప్రతి మాటా వినబడుతూనే ఉంది. భార్య బీరువాలోంచి మంగళవారం చీటీ తీసి నాలుగు ముక్కలు చేసింది. కొడుకు గొంతు సవరించుకున్నాడు. క్షమించమనడం వాడికి చేతకాదు. ఇంకోలా అన్నాడు.

"పీడా పోయింది. రేపు మీ మేనేజరుకి చెప్పు నాన్నా, చెవులు బంగారంలా ఉన్నాయని. స్టోర్సు ఏమిటి, నీకేం ఖర్మ?"

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. నాలుగు రోజుల నుంచి ఆయన దిగమింగుకున్న కోపమంతా ఇప్పుడు దిగిపోవాలి. దిగలేదు. చెవులు బాగున్నాయి. అంటే శుక్రవారం పొద్దున్న కూడా బాగున్నాయి. బెల్టు అడుగున గరగర నిజంగానే ఉంది. ఫోర్‌మన్ అడిగినప్పుడు ఉంది. డ్రైవరు మొహంలోకి చూసి లేదన్నప్పుడూ ఉంది.

సినిమా ఎలా అయిపోయిందో ఆయన చూడలేదు.

సోమవారం మేనేజరు బల్లమీద కాయితం సిద్ధంగా ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గీత గీసి ఉంది. మేనేజరు పెన్ను మూత తీసి ఇచ్చాడు. మేస్త్రి తీసుకోలేదు.

"నా చెవులు బాగానే ఉన్నాయి సార్. ఇంట్లో పెట్టెదే లోపం. దొరికింది."

మేనేజరు మొహం నిజంగానే వెలిగింది. "మంచి మాట చెప్పారు! అయితే ఇది చింపేస్తాను. మళ్ళీ షెడ్డులోకే వెళ్ళండి."

"శుక్రవారం పంపు చప్పుడు నాకు వినబడింది సార్. లేదని చెప్పాను."

మేనేజరు చింపబోతున్న కాయితం చేతిలో అలాగే ఉండిపోయింది. గొంతు తగ్గించాడు. "చెవులు బాగున్నాయని చెప్పండి, చాలు. విన్నానని ఎందుకండీ చెప్పడం? ఎవరడిగారు?"

"చెవులు బాగుంటే విన్నట్టే కదా సార్."

"అలా రాస్తే అది తప్పు కిందికి వస్తుంది మేస్త్రీ. మెమో ఇవ్వాలి, విచారణ వెయ్యాలి. ఈ వయసులో సర్వీసు కాయితాల మీద మచ్చ. అదే వినికిడి అని రాస్తే..."

"రాయకండి. అది అబద్ధం."

మేనేజరు కాయితం పక్కన పెట్టి, గుమాస్తాని పిలిచాడు.

బయట డ్రైవర్ల గదిలో పొడుగు డ్రైవరు బల్ల మీద కూర్చున్నాడు. సెలవు కాయితాల కోసం వచ్చాడు. కుడిచెయ్యి మెడకి వేలాడుతోంది, కట్టు కింద వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని ఆపసోపాలు పడుతున్నాడు. మేస్త్రిని చూసి పక్కకి జరిగాడు.

"రా కూర్చో. నీకు చెవుడొచ్చిందటగా, పాపం."

"రాలేదు," అన్నాడు మేస్త్రి, కూర్చోకుండానే. "ఆ పొద్దున్న నాకు వినబడింది. పంపే అని తెలిసింది. నామీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను."

డ్రైవరు గ్లాసు బల్లమీద పెట్టాడు. కాస్త టీ ఒలికింది. దాన్ని తుడవలేదు.

"నేను అడిగింది నిన్నే కదా."

"అవును."

"నువ్వు లేదన్నావనే కదా ఎక్కింది."

"అవును."

"ఈ మూడు రోజులూ మంట నిద్రపోనియ్యకపోతే, పోన్లే, ముసలాడు, వినబడకపోతే ఏం చేస్తాడు అనుకుంటూ పడుకున్నాను," అన్నాడు డ్రైవరు. అతని గొంతు పెరగలేదు. "ఇప్పుడు పోన్లే అని ఎలా అనుకోను?"

"అనుకోవద్దు," అన్నాడు మేస్త్రి.

డ్రైవరు లేచాడు. జారిన కట్టు సర్దబోయి మేస్త్రి చెయ్యి చాపితే, భుజం పక్కకి తిప్పుకుని తనే సర్దుకున్నాడు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు, వెనక్కి చూడలేదు.

మేస్త్రి ఆ బల్ల మీదే కూర్చున్నాడు. గోడ అవతల గుమాస్తా మెమో టైపు చేస్తున్నాడు. ఒక్కో అక్షరం పడటం, వరస చివర గంట మోగడం, కాయితం పైకి జరగడం, అన్నీ వినబడుతున్నాయి.